అడ్డం రావడం మానేసిన జేజి

మా ఎదురింటి జేజి పోయింది. ఆళ్లగడ్డలో మా వీధికి పొద్దు పొడిచేది ఆమె కోళ్లను తిట్టే తిట్లతోనే. పోయిన వారం ఒక తెల్లవారి ఆ తిట్లు వినపడలేదు. గంప కింద కోళ్లు గోల చేస్తున్నాయి, వదిలేవాళ్లు లేరు. మావాడు పోయి చూసి వచ్చి గడపలో నిలబడి, "అమ్మా, జేజి పలకల్యా" అన్నాడు. పద్నాలుగేళ్లవాడు, మూతి మీద నూగు వస్తున్నవాడు, ఆ మాట చెప్పి పసిపిల్లోని మాదిరి నా కొంగు పట్టుకున్నాడు. నేను పరుగెత్తిపోయేసరికి ఆమె నులక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే పోయింది. ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ తిట్టకుండా ఆమె చేసిన పని ఆ ఒక్కటే.

పోయినవాళ్లందరినీ దేవతలను చేసి రాయడం నాకు చేతకాదు. ఆమెకూ అది గిట్టదు. ఆమె నోరు మంచిది కాదు. ఎరువుకు తీసుకున్న జల్లెడ తిరిగి ఇవ్వడం ఒక పూట ఆలస్యమైతే వీధి ఈ కొస నుంచి ఆ కొసకు వినపడేట్టు అడిగేది. వక్కాకు నమిలి మా గోడ మీదే ఉమ్మేది. ఇదేంది జేజీ అంటే, "మీ గోడ ఎర్రమన్నుదే కదమ్మే, కనపడదులే" అనేది. అయినా ఈ నాలుగు ముక్కలు రాయకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. నా మొగుడూ నా కొడుకూ ఈ రోజు ఒకే ఇంట్లో మనుషుల మాదిరి ఉన్నారంటే అది ఆమె పుణ్యం. ఆమె చేసిన సాయం వల్ల కాదు, చేయడం మానేసిన సాయం వల్ల. అదెట్లో చెబుతాను, వినండి.

జేజి అంటే మా వైపు నాయనను కన్నతల్లి. ఈమె మాకు చుట్టం కాదు, పక్కం కాదు. దొర్నిపాడు దారిలో నాలుగెకరాల నల్లరేగడి ఉన్న రెడ్ల ఇంటి ముసలామె. మొగుడు పోయి చాలా కాలమైంది. ఒక్కడే కొడుకు, చాగలమర్రిలో బస్సులు ఆగే చోట సోడాల అంగడి పెట్టుకుని అక్కడే ఉన్నాడు. వీధిలో మీసాలు నెరిసిన మొగవాళ్లు కూడా ఆమెను జేజీ అనే పిలిచేవాళ్లు.

కర్నూలు రాజధాని అయిన ఏడు మేము ఆ వీధికి వచ్చినాము. మా ఆయనకు నంద్యాలలో దూది జిన్నింగు మిల్లులో గుమాస్తా పని. అక్కడ తోటి గుమాస్తాలతో ఒక గదిలో ఉండేవాడు. సోమవారం తొలి బస్సుకు పోతే మళ్లీ శనివారం సాయంత్రం బస్సుకే రావడం. నేనూ, ఏడేళ్ల మావాడూ ఇక్కడ. ఇంటికి సామాను దించుతున్న రోజే మావాడు తన చదువు చూపించినాడు. దించీ దించకముందే బండి చక్రం సీల పీకినాడు. చక్రం ఊడి బండి ఒరిగింది. నా కుండలన్నీ వీధిపాలైనాయి. మా ఆయన బండివాని చేతిలోని ములుగర్ర లాక్కుని మావాని వీపు మీద ఒకటి వేసినాడు. రెండోది వేయబోయేసరికి ఎదురింట్లో నుంచి ఎవరో ఒక ముసలామె కొంగు బిగించుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యలో నిలబడింది.

"ఏమిరా అబ్బయ్యా, వీధిలో దిగినారో ల్యాదో, అప్పుడే నీ పతాపం సూపిస్తాండావా? నన్ను దాటుకోని కొట్టు, సూస్తాం!"

మా ఆయన ఎవరీమె అన్నట్టు నా వైపు చూసినాడు. నాకు మాత్రం ఏం తెలుసు? కర్ర దించేసినాడు. ఆమె నా వైపు తిరిగి, "ఏమ్మే, బొమ్మ మాదిరి నిలబడుకుంటే వంటెట్ల చేస్తావ్? మా ఇంట్లో కుండలుండాయి, తెచ్చుకోపో" అంది. అది మా పరిచయం.

తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మా వైపు బిడ్డను కొట్టడానికి ఒక పద్ధతి ఉంది. తండ్రి కొడతాడు. ఇరుగుపొరుగులో పెద్దవాళ్లు ఎవరో ఒకరు అడ్డం వస్తారు. వచ్చి, "నా మీద ఒట్టు, ఇడువు" అంటారు. తండ్రి కాసేపు గింజుకుని, "నీ మొగం సూసి ఇడుస్తాండా, ల్యాకుంటే ఈ పొద్దు వీన్ని పూడ్సి పెట్టిందును" అని వదిలేస్తాడు. తండ్రి పరువు నిలబడుతుంది, బిడ్డ వీపు మిగులుతుంది. అడ్డం రానివాళ్లను రాతిగుండె మనుషులని వీధి వీధంతా ఆడిపోసుకుంటుంది. తల్లి అడ్డం పోతే మాత్రం అది లెక్కలోకి రాదు. "నీ గారాబంతోనే వీడు ఇట్ల తయారైనాడు" అని తండ్రికి ఇంకో సాకు దొరుకుతుంది, బిడ్డకు ఇంకో రెండు ఎక్కువ పడతాయి. అందుకని పరాయివాళ్లే రావాలి. మా ఇంటికి ఆ ఉద్యోగం జేజిది.

మా ఆయనకూ ఆ లెక్క బాగా తెలుసు. కొట్టేముందు వాకిలి మూయడు. చొక్కా విప్పి, మడిచి, వంకెకు తగిలిస్తాడు. చింతబరికె ఎక్కడ ఉందో తెలిసి కూడా ఇల్లంతా వెతుకుతాడు. వెతుకుతూ, "ఈ పొద్దు నిన్ను సంపుతా! ఎవురొచ్చినా ఇడిసేది ల్యా!" అని ఎదురింటి చూరు ఎగిరిపోయేట్టు అరుస్తాడు. ఎవరొచ్చినా అంటే ఎవరు రావాలో అందరికీ తెలుసు. మావాడు దెబ్బ పడకముందే "జేజీ, సచ్చిపోతి!" అని అందుకుంటాడు. పొయ్యి మీద ఏమున్నా దించి జేజి బయలుదేరుతుంది. ఆమె వచ్చేలోపల పడేవి ఒకటో రెండో. మొదట్లో అది చూడ్డానికి వీధి నాటకం మాదిరే ఉండేది, నేను కూడా లోపల నవ్వుకునేదాన్ని.

ఒకసారి ఆమె అడ్డం దూరేటప్పుడు బరికె ఆమె మోచేతికి తగిలింది. తగిలిందో, గాలి తగిలిందో ఆ దేవునికే తెలియాలి. ఆమె నడివాకిట్లో కూలబడి, "అయ్యో, నన్ను సంపినాడప్పో! దిక్కులేని ముండని చేసి కొట్టినాడప్పో!" అని ఎత్తుకుంది. వీధంతా మా వాకిట్లోనే. ఆరడుగుల మనిషి మా ఆయన, బరికె పారేసి, గిన్నెలో ఆముదం వెచ్చచేసుకుని వచ్చి, ఆమె మోచేతికి రుద్దుకుంటూ కూర్చున్నాడు. "ఈడ కాదురా, పైన. పైన కాదు, ఎనక" అని ఆమె భుజం, మెడ, నడుము దాకా రుద్దించుకుంది. మావాడు మూలన నిలబడి కడుపు పట్టుకుని నవ్వినాడు. ఆ నవ్వినందుకు మళ్లీ వారం వేరేగా పడినాయి.

ఇంత చెప్పి నా వంతు చెప్పకపోతే ఎట్ల? వారమంతా మావాని మీద పెత్తనం నాది. పగలంతా వాడు చేసే ఆగడాలకు నేను అనేది ఒకటే మాట, "మీ నాయన రానీ, సెప్తా." చెప్పేదాన్ని. శనివారం ఆయన కాళ్లు కడుక్కుంటుండగానే వరుసగా మొదలుపెట్టేదాన్ని. ఆరు రోజుల తప్పులకు ఒక్కసారే తీర్పు. దానివల్ల ఏమైందంటే, శుక్రవారం వచ్చిందంటే మా వీధి వణికేది. సోమ మంగళవారాల్లో వాడు బుద్ధిమంతుడే. బుధవారం ఏదో చిన్నది చేస్తాడు. అది నేను శనివారానికి దాచిపెట్టినానని తెలియగానే వానికి భయం పోతుంది. ఇంక శుక్రవారం వాడు చేయని పని లేదు. బస్సు వెనక నిచ్చెన పట్టుకుని ఊరి బయట దాకా పోయి రావడం, దూడను వదిలి బర్రె పాలన్నీ తాపించడం, మంగలాయన అద్దం ఎత్తుకుపోయి దారిన పోయేవాళ్ల కళ్లలోకి ఎండ కొట్టడం. ఎందుకురా అంటే జేజితో చెప్పినాడంట, "ఎట్లయినా రేపు తన్నులే కద జేజీ! ఒగదానికి తింటే ఏంది, అన్నిటికీ కలిపి తింటే ఏంది?" అని. జేజి అది నాకు చెప్పి, "వీనికి ప్లీడరు చదువు సెప్పిచ్చమ్మే" అంది.

నవ్వు అక్కడితో ఆగలేదు, అదే నా బాధ. ఏళ్లు గడిచేకొద్దీ వాడు మొండివాడైనాడు. ఒకటో రెండో దెబ్బలకు లొంగనివానికి నాలుగు కావాల్సి వచ్చింది. నాలుగు అలవాటైతే నాలుగూ వానికి లెక్కలేదు. ఒక శనివారం రాత్రి అన్నం పెడుతూ మా ఆయనను అడిగినాను, ఎందుకట్ల బాదుతావని. "వాడు మాటింటే నేనెందుకు కొడతా?" అన్నాడు. వాడు పడుకున్నచోటికి పోయి వీపుకు నూనె రాస్తూ వాన్ని అడిగినాను, ఎందుకట్ల చేస్తావని. "ఎట్లయినా కొడతాడు కదా, నేనెందుకు ఇనాల?" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. ఇద్దరి మధ్యా నూనె గిన్నె పట్టుకుని నిలబడిన నాకు ఏం చేయాలో దిక్కు తోచలేదు. ఎవరైనా ఒకరు మొదట ఆపాలి కదా. ఎవడు ఆపుతాడు? ఇద్దరిదీ ఒకటే రక్తం, తల వంచితే ప్రాణం పోతుందనుకుంటారు.

దీనికి తోడు జేజికి మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. మొదట్లో అరుపు వినపడగానే వచ్చి నిలబడే మనిషి, అరుగు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. వీధి దాటేలోపల మధ్యలో ఒకసారి ఆగి, "వస్తాండా, వస్తాండా, ఉండరా నాయనా!" అని అరిచేది. ఆమె ఎంత నిదానమైతే మావానికి అన్ని ఎక్కువ దెబ్బలు పడేవి. మా ఆయన కూడా పాపం, బరికె వెతకడం ఇంకా ముందు నుంచి మొదలుపెట్టేవాడు. ఎంతసేపని వెతుకుతాడు?

రాజధాని కర్నూలును విడిచి హైదరాబాదు పోయిన తర్వాత వచ్చిన ఎండాకాలంలో జేజి చాగలమర్రికి పోయింది, కొడుకు దగ్గర కొన్నాళ్లు ఉండి వస్తానని. ఆమె పోయిన వారం శుక్రవారమే మావాని బడికి తనిఖీ ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. అయ్యవారు కొత్త పంచె కట్టుకుని, పిల్లలకు ఎక్కాలు వల్లె వేయించి, అంతా సిద్ధం చేసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మొదటి ప్రశ్న అడగబోయేసరికి బడి విడిచే గంట మోగింది. పిల్లలు ఎందుకు ఆగుతారు? పలకలు సంకన పెట్టుకుని పరుగో పరుగు. బడిలో మిగిలింది ఇన్‌స్పెక్టరూ, అయ్యవారూ, గంట కొట్టిన మావాడూ. అయ్యవారు మరుసటి రోజు బస్సు దగ్గరికే పోయి, మా ఆయన దిగీ దిగకముందే పదిమందిలో చెప్పినాడు. "నీ కొడుకు నా నౌకరీ తీసేట్టుండాడప్పా" అని.

మా ఆయన ఇంటికి వస్తూనే చొక్కా విప్పలేదు. బరికె వెతకలేదు, నేరుగా తీసినాడు. తీసి, గడప వైపు చూసినాడు. మావాడూ చూసినాడు. నేనూ చూసినాను. ఎదురింటికి తాళం. ఆమె లేదని ముగ్గురికీ తెలుసు, అలవాటు కొద్దీ చూసినాము. మిగతా ఇళ్లవాళ్లు ఉన్నారు. అది జేజి పని కదా అని ఎవరూ కదల్లేదు.

మొదటి దెబ్బ పడింది. మావాడు "జేజీ" అని అరవలేదు. అరిచినా వినేవాళ్లు ఎవరు? పళ్లు బిగబట్టుకుని నిలబడినాడు. వాడు ఏడవకపోయేసరికి ఈయనకు ఒళ్లు మండింది. "ఏడవ్వా? ఏడవ్వారా?" అని కొడుతూనే ఉన్నాడు. కొట్టే మనిషి ముఖం చూస్తే నాకే భయమేసింది. ఆపుదామని ఆయనకు ఉంది, ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. నేను మీద పడి చేయి పట్టుకుంటే, "నీ వల్లే వీడిట్లయినాడు!" అని విదిలించినాడు. బరికె విరిగింది. ఇంకోటి విరవడానికి పెరట్లోకి పోయినాడు. తిరిగి వచ్చేసరికి నడింట్లో మావాడు లేడు.

వస్తాడులే అనుకున్నాము. దీపాలు పెట్టినారు, రాలేదు. మా వైపు పిల్లోడు కనపడలేదంటే అందరి కళ్లూ బావుల వైపే పోతాయి. మా ఆయన సైకిలు తీసుకుని పోయినాడు. తిరిగి వచ్చినప్పుడు కాలికి చెప్పులు లేవు. "దొర్నిపాడు దావ బావులన్నీ సూసినా" అని మాత్రం అని గోడకు ఆనుకున్నాడు. ఆ రాత్రి సంగతి రాయను. పగవానికి కూడా అట్లాంటి రాత్రి వద్దు.

తెల్లవారి చాగలమర్రి నుంచి తొలి బస్సు వచ్చింది. ఆమె కంటే ముందు ఆమె గొంతు వీధిలోకి వచ్చింది. "బస్సు మీద ఎక్కుతావురా? మూటల నడుమ పండుకుంటావురా? పడింటే నీ బొమికలు ఎవురు ఏరాల?" అని అరుస్తూ, మావాని చెవి పట్టుకుని, మధ్య మధ్యలో వీపు మీద ఒకటి చరుస్తూ జేజి వస్తోంది. వాడు చివరి బస్సు పైకెక్కి చాగలమర్రి పోయి, సోడా అంగడి ముందర దిగి, "జేజీ, నువ్వు ల్యాకుంటే మా నాయనకు ఆపను రాల్యా, రా పోదాం" అన్నాడంట. కంప్లయింటు కాదు అది, పనికి పిలుపు! జేజి కొడుకు జాలిపడి సోడాల మీద సోడాలు తాపినాడంట. వాడు ఏడవాలని నోరు తెరిస్తే తేన్పు వస్తోంది.

మా ఆయన గడపలో నుంచి ఒక్క ఉదుటున పోయినాడు. చేయి చాపినాడు. మావాడు జేజి చీర చాటుకు దూరినాడు. ఆ చేయి కొట్టడానికి పోలేదండీ, తడమడానికి పోయింది. నాకు తెలుసు. అది వానికెట్ల తెలుస్తుంది? ఆ చేయి చేసే పని ఒకటే అని వాడు పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నాడు. మా ఆయన చేయి అట్లే గాలిలో ఉండిపోయింది.

జేజి అది చూసింది. తిట్లు ఆపేసింది. పోయి తన అరుగు మీద కూర్చుని మమ్మల్ని ముగ్గురినీ పిలిచింది.

"ఇనండిరా. మా ఇంటాయన కూడా ఇట్లనే కొడుతుండె నా కొడుకుని. నేను అడ్డం పోతాంటి. ఎప్పుడు సూసినా నేను అడ్డం పోతాంటి. ఆయనకి ఆపే పని ల్యా, నేనుండా కదా. నా కొడుక్కి తప్పు సేసే భయం ల్యా, నేనుండా కదా. ఆఖరికి ఒగరితో ఒగరు మాట్లాడనికి కూడా నేనే కావల్సి వచ్చె. 'మీ నాయనకి సెప్పు', 'నీ కొడుక్కి సెప్పు.' ఆయన సచ్చే దినం కూడా నీళ్లు నోట్లో పోయరా అంటే, నా కొడుకు గ్లాసు తెచ్చి నా సేతికిచ్చె. వాళ్లిద్దరి నడుమ గోడ మాదిరి అయిపోతిని అనుకున్యా. మళ్లీ మీ ఇంట్లో అదే పని సేస్తాండా." మా ఆయన వైపు వేలు చూపించింది. "నువ్వు నన్ను నమ్ముకోని కొడతాండావు." మావాని నెత్తిన మొట్టింది. "నువ్వు నన్ను నమ్ముకోని ఎగురుతాండావు. ఇంగ నేను రాను. సచ్చినా రాను. కట్టె ఎత్తేది ఎవురైనా ఎత్తుతారు. దించేది నేర్సుకోండి."

ఆ మాటకు జవాబుగా మావాడు తేన్చినాడు.

ఆ పై వారం శుక్రవారం మావాడు మళ్లీ దూడను వదిలినాడు. జేజి నిజంగానే రాదా అని చూసినాడంట! శనివారం మా ఆయన వచ్చి, పెరుగు ఏదని అడిగి, సంగతి తెలుసుకుని, బరికె తీసినాడు. ఎత్తినాడు. ముగ్గురం మళ్లీ గడప వైపే చూసినాము. ఈసారి జేజి ఇంట్లోనే ఉంది. అరుగు మీద మాకు వీపు చేసి కూర్చుని చాటలో శనగలు చెరుగుతోంది. మా ఆయన దగ్గినాడు. ఆమె తిరగలేదు. "సంపుతా ఈ పొద్దు!" అన్నాడు. చాట ఆగింది, ఆమె మాత్రం కదల్లేదు.

మావాడు నిదానంగా అన్నాడు, "నాయనా, జేజి రాదంట."

"నాకు తెల్సులేరా."

"మరి ఎట్ల?"

"ఏంది ఎట్ల?"

"ఎవురు ఆపుతారు?"

కొడితే ఆపేవాళ్లు లేరు, దించితే పరువు పోతుంది. ఎత్తిన చేయి నొప్పి పుట్టింది. మా ఆయన కళ్లు అటూ ఇటూ తిప్పి, పైన కప్పు దంతెల మూలకు చూసి, "ఏమే! ఇంట్లో ఇంత బూజు పెట్టుకున్యావేందే? కండ్లు కనపడవా?" అని నా మీద అరిచి, ఆ బరికెతోనే మూల దులపడం మొదలుపెట్టినాడు. నేను మొన్ననే దులిపినాను, అక్కడ బూజు లేదు. లేని బూజును దులుపుతున్నాడు. మావాడు చెప్పకుండానే పోయి ముక్కాలి పీట తెచ్చి వేసినాడు. "ఆ మూల కూడా ఉంది నాయనా" అన్నాడు. ఆ మూలా లేదు. ఇద్దరూ కలిసి నడిల్లు, వంటిల్లు, దేవుని గూడు అన్నీ దులిపినారు. నేను సోమరిపోతునని, ఇల్లు దయ్యాల కొంప చేసినానని దులిపినంతసేపూ తిట్లు తిన్నాను. నా పెళ్లయినాక మారుమాట్లాడకుండా తిట్లు తిన్నది ఆ ఒక్కసారే.

పొద్దున జేజి పిలిచింది. "ఏమ్మే, నిన్న మీ ఇంట్లో పండగనా? బూజు దులుపుకుంటాండారు?" భుజాలు కదిలేట్టు నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకుని, "నిన్న నా కాళ్లు ఎట్ల ఆపుకున్యానో నాకే తెల్సు" అంది.

నన్ను కూడా వదల్లేదు. "వాడు సేసింది ఆ పొద్దే తేల్సు. శనివారం దాంక ఎందుకు దాస్తావ్, ఊరగాయనా?" అని అడిగింది. ఆ మాటకు నేను ముఖం ముడుచుకుని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత దాచడం మానేసినాను. తప్పు చేసిన రోజే నేనే రెండు తిట్టి, అప్పుడే మరిచిపోవడం నేర్చుకున్నాను. శనివారం ఆయన కాళ్లు కడుక్కుంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆయన ఏమీ తోచక, "ఏమిరా, ఈ వారం ఏం సేసినావ్?" అని వాన్నే అడిగేవాడు. వాడు చెప్పేవాడు, సగం అబద్ధం, సగం నిజం.

ఆ తర్వాత మా ఆయన చేయి ఎత్తనే లేదని రాస్తే నాకు కళ్లు పోతాయి. ఎత్తినాడు. కానీ ఆపాల్సింది తానే అని తెలిసినాక, మొదలుపెట్టేముందు ఆలోచించేవాడు. మావాడు కూడా దేవుడేం కాలేదు. శనివారం తన్నులు ఖాయం కాకపోయేసరికి శుక్రవారం వానికి కొంచెం భయం పట్టుకుంది, అంతే. రెండేళ్ల కిందట నంద్యాల చూడాలని కోరిక పుట్టి జేజి దగ్గరికి పోయి, "మా నాయనకు సెప్పు జేజీ" అన్నాడు. "నీకు నోరు ల్యాదా? సోడా తాగనికే ఇచ్చినాడా దేవుడు?" అని తరిమింది. వాడు రోజంతా ఇంటి చుట్టూ తిరిగి, చివరికి తానే అడిగినాడు. ఆయన తీసుకుపోయినాడు. మిల్లు చూపించినాడంట. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరి తలల నిండా దూది, ఇద్దరూ ముసలోళ్ల మాదిరి ఉన్నారు. బస్సులో ఏం మాట్లాడుకున్నారో నాకు ఇద్దరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆమె పోయింది. బస్సు డ్రైవరుతో కబురు పంపితే మా ఆయన మధ్యాహ్నానికల్లా నంద్యాల నుంచి వచ్చినాడు. చాగలమర్రి నుంచి కొడుకు వచ్చినాడు, తలకొరివి పెట్టినాడు. పాడె మోసినవాళ్లలో ముందర కుడివైపు మా ఆయన, ఎడమవైపు మావాడు. వాడు ఇంకా అంత ఎత్తు లేడు. పాడె ఒరుగుతుంటే మా ఆయన దారి పొడుగునా మోకాళ్లు వంచి నడిచినాడు.

దహనం అయినాక స్నానం చేయకుండా ఇంట్లోకి రాకూడదు కదా. పెరట్లో తొట్టి నిండా నీళ్లు తోడి పెట్టినాను. మా ఆయన బండ మీద కూర్చున్నాడు. తల ఎత్తకుండానే, "వీపు రుద్దురా" అన్నాడు. మావాడు కొబ్బరి పీచు తీసుకుని వెనక కూర్చున్నాడు. బలమంతా పెట్టి రుద్దుతున్నాడు. వీపు కమిలి ఎర్రగా అవుతోంది.

"నిదానంగా రుద్దురా. తోలు ఊడతాంది."

"ఓర్సుకో నాయనా. నేను ఓర్సుకోల్యా?"

వాడు నవ్వుతూ అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు వెనక నుంచి కనపడలేదు. మా ఆయన ఇంకొంచెం ముందుకు వంగి, వీపు వానికి బాగా అందేట్టు పెట్టి, "సరే, కానీ" అన్నాడు.

మావాడు పీచు పక్కన పెట్టి, చెంబుతో నీళ్లు పోసి, అరచేత్తో రుద్దడం మొదలుపెట్టినాడు. నేను తుండుగుడ్డలు పట్టుకుని వంటింటి వాకిట్లో నిలబడి ఉన్నాను. లోపల అన్నం మాడుతున్న వాసన వస్తోంది. మాడితే మాడనీ అనుకున్నాను.